పెనంలో సున్నం, గానుగ మీద చెయ్యి

ఈ ఉదయం కశింకోట దగ్గర మా మావయ్య గానుగ పాకలో ఉన్నవి: మోటారుతో తిరుగుతున్న చెరకు గానుగ, పెనంలో ఉడుకుతున్న రసం, సున్నపు తేట ఉన్న ముంత, పొయ్యిలోకి ఎండు పిప్పి తోస్తున్న ఇద్దరు కూలీలు, పెద్ద గరిటె పట్టుకున్న మావయ్య అప్పలనాయుడు, జేబులో ఆయన రక్తపరీక్ష రిపోర్టుతో నేను. డాక్టర్ పద్మావతిగారు మాత్రం లేరు. అయినా కాగుతున్న రసం వాసన తగలగానే ముందుగా గుర్తొచ్చింది ఆవిడే.

లేబొరేటరీ టెక్నాలజీ చదివి అనకాపల్లిలో ఆవిడ క్లినిక్‌లో చేరాను. ఊళ్లలోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఆవిడ పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. రోగి చెప్పడం పూర్తయ్యేదాకా పెన్ను మూత తీసేవారు కాదు. బయట వరుస పెరిగిపోతుంటే నాకు చిరాకుగా ఉండేది.

నేను చేరిన కొత్తలోనే మావయ్యకు గుండెపోటు వచ్చింది. విశాఖలో బతికించి పంపారు. తర్వాత రోజూ వేసుకోమన్న మందుల్లో ఒకటి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర. రక్తనాళాల గోడల్లో పేరుకునే చెడ్డ కొవ్వును ఎల్‌డీఎల్ అంటారు. మావయ్యకు అది డెబ్బై లోపు ఉండాలన్నారు డాక్టరుగారు. మొదటి పరీక్షలో బాగా దిగింది. తర్వాతిసారి నూట డెబ్బై దాటింది. మెషీన్‌ది తప్పేమోనని మళ్లీ చేశాను. మళ్లీ అంతే వచ్చింది.

"మాత్ర మానేశావా మావయ్యా?"

"మానీసేను. తగ్గిపోనాది కదేటి అల్లుడూ!"

కాగితం మీద కాలేయం బొమ్మ గీశాను. మాత్ర అడ్డుకునే ఎంజైమ్ పేరు రాశాను, గ్రాఫు కూడా వేశాను. మావయ్య ఓపిగ్గా విని, "బాగా సెప్పేవు. సదివిన సదువు ఊరికే పోనేదు" అని మెచ్చుకుని వెళ్లిపోయాడు. మాత్ర మాత్రం వేసుకోలేదు. ఇంకొక పోటు వస్తే ఈసారి మనిషి దక్కడని నా భయం. అదే డాక్టరుగారితో చెప్పాను.

"నువ్వు చెప్పిందంతా కరెక్టే. ఆయనేం అనుకుంటున్నాడో అడిగావా?"

అడగలేదు.

"అయితే ఆదివారం పోదాం పద."

ఆ ఆదివారం ఆవిడ షేర్ ఆటో దిగి, ఈ పాకలోకే వచ్చి చెరకు మోపు మీద కూర్చున్నారు. జబ్బు మాటెత్తలేదు. "నాయుడుగారూ, రసంలో సున్నం ఎందుకు?" అని అడిగారు.

"మడ్డి పైకి తేలిపోద్దమ్మా. గరిటెతో తీసీడమే. రసం తేటైపోయేక ఇంకా ఏత్తే మాత్రం బెల్లం నల్లబడిపోద్ది. మార్కెట్లో ఎవుడూ ముట్టడు."

"మాత్ర కూడా అంతే అనుకున్నారా?"

"మరి కాదేటి? రత్తం తేటైపోనాది. ఇంకా మింగితే మనిషి పాడైపోడా? మింగినన్నాళ్లూ పిక్కలు లాగీసేవి కూడాను."

నేను ఎన్నడూ అడగని సంగతులు రెండూ అలా బయటికొచ్చాయి. ఆవిడ లేచి గానుగ ఆపించారు. రసం ధార సన్నబడి, చుక్కలై, ఆగింది. మళ్లీ వేయించారు. ధార మళ్లీ మొదలైంది.

"మీ కాలేయం ఈ గానుగలాంటిది. మీరు నెయ్యి, మాంసం మానేసినా అది కొలెస్ట్రాల్ తయారు చేస్తూనే ఉంటుంది. మాత్ర పెనంలో వేసే సున్నం కాదు నాయుడుగారూ, గానుగను నెమ్మదిగా తిప్పించే చెయ్యి. అక్కడ తయారీ తగ్గితే, కాలేయం తనకు కావలసింది రక్తంలోంచే లాక్కుంటుంది. చెయ్యి తీసేశారో, ధార మళ్లీ మొదలు."

మావయ్య తన పొట్ట వైపు చూసుకున్నాడు. "అయితే నా కడుపులో గానుగుందన్నమాట! కరెంటు బిల్లు ఎవుడు కడతన్నాడమ్మా?"

కూలీలు పగలబడి నవ్వారు. డాక్టరుగారు వాళ్లకంటే గట్టిగా నవ్వారు. నవ్వు ఆగాక పిక్కల మాట ఎత్తారు. "కొందరికి ఈ మాత్రతో కండరాల నొప్పులు వస్తాయి. మీకు మీరే మానేయొద్దు, వెంటనే నాకు చెప్పండి. రక్తం చూసి మోతాదైనా మారుద్దాం, మాత్రైనా మారుద్దాం." మర్నాడు పరీక్షలో కండరాలకు ఏ హానీ లేదని తేలింది. ఆవిడ మాత్ర మార్చారు, నొప్పులు మళ్లీ రాలేదు.

మావయ్య ఆ తర్వాత ఒక్కసారి కూడా తనంతట తాను మాత్ర మానలేదు. అంతటితో ఊరుకోలేదు కూడా. షేర్ ఆటోలో పక్కన ఎవరు కూర్చున్నా, "అది సున్నం కాదురా బావా, గానుగ మీద సెయ్యి!" అని మొదలుపెట్టేవాడు. మానేసిన మాత్రలు మళ్లీ రాయించుకోవడానికి తుమ్మపాల నుంచి కూడా మనుషులు వచ్చారు. "మీ మావయ్యకు జీతం ఇవ్వాలయ్యా" అనేవారు డాక్టరుగారు, ముఖమంతా వెలిగిపోతూ.

కొన్నేళ్లకు ఆవిడ ప్రాక్టీసు మానేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఇప్పుడు నాకూ ఒక ల్యాబ్ ఉంది. రిపోర్టు చేతికిచ్చే ముందు, "మీరేం అనుకుంటున్నారు?" అని అడుగుతాను. జవాబు పూర్తయ్యేదాకా నా పెన్ను మూత కూడా తియ్యను.

మావయ్య మడ్డి తీసి పక్కన పోసి, నా జేబు వైపు గరిటె చూపించాడు. "ఎంతొచ్చినాది అల్లుడూ?"

రిపోర్టు తీసి చదివాను.

ఎల్‌డీఎల్, అరవై ఎనిమిది.