కదిలే ప్యానెల్, కదలని లారీలు

కృష్ణపట్నం దగ్గరి లారీల కాటాకు సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. బరువు చూపే ప్యానెల్‌ను ఏ మానిటర్‌లోకైనా లాగి పెట్టుకోవచ్చు. పెట్టిన చోటు అది మర్చిపోదు. ఆ గొప్పే ఈ రోజు నా ప్రాణం మీదికి తెచ్చింది.

కాటా ఆపరేటర్ మస్తానయ్య దాన్ని రెండో మానిటర్‌లో పెట్టుకున్నాడు. ఆ మానిటర్‌ను మేనేజరుగారు తన గదికి తెప్పించుకున్నారు. ఎన్నిసార్లు ఆన్ చేసినా ప్యానెల్ అక్కడ లేని మానిటర్‌లోకే పోతోంది. నేను వెళ్లేసరికి బయట ఒకటే హారన్లు, లోపల మస్తానయ్య గోల.

“అన్నా, బరువు యాడికి పోయింది? లారీలోళ్లు కొట్టేటట్టుండారు!”

మేనేజరుగారిని బతిమాలి మానిటర్ తెచ్చి తగిలిస్తే, ప్యానెల్ పెట్టిన చోటే నింపాదిగా ఉంది.

మస్తానయ్య దండం పెట్టాడు. “ఇంక దీన్ని యాడికీ కదలకుండా చేసెయ్ అన్నా.”

ఏడాదంతా నేను చచ్చీచెడీ పనిచేసింది అది కదలడానికే. మీరైతే ఏం జవాబు చెప్పేవాళ్లు?