చుట్ల దుంప గింజలు

మా తోడికోడలు మంచిది. ఈ మాట ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. పాలు పోసేవాడు అంటాడు, ఎదురింటావిడ అంటుంది. ఆఖరికి నా దగ్గర బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా కొలతలిస్తూ, "మీ అక్కగారు ఎంత నెమ్మదస్తురాలండీ!" అంటారు. ఆ సమయంలో నా నోట్లో గుండుసూదులుంటాయి కాబట్టి బతికిపోతారు.

మావి పక్కపక్క ఇళ్ళు. మధ్యలో నడుమెత్తు గోడ. గోడకి అటు అక్క, బావగారు, మా అత్తయ్య. ఇటు నేను, మా ఆయన, నా కుట్టుమిషను. బావగారికి రైళ్ళ మీద ఉద్యోగం, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అక్క తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి, బొటనవేలికి రబ్బరు తొడుగు తగిలించుకుని, ఒక్కో కవరూ దాని గడిలో పెట్టడమే. అలా ఇరవయ్యారేళ్ళు. ఒక్కనాడు "అబ్బా, కాళ్ళు పీకుతున్నాయి" అనగా నేను వినలేదు. ఇంటికొచ్చి చెప్పులు జతగా విడిచి, ముఖం కడుక్కుని, తిన్నగా పెరట్లోకి వెళ్ళేది. నేనైతే గంటసేపు మిషను తొక్కితే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాను.

ఇక దుంపల సంగతి. మా అత్తయ్య పుట్టింటి నుంచి ఏం నగలు తెచ్చుకుందో నాకు తెలియదు గానీ, ఒక రేకు డబ్బాలో బీట్‌రూట్ గింజలు మాత్రం తెచ్చుకుంది. బజారు బీట్‌రూట్ కోస్తే లోపలంతా ఒకటే ఎరుపు. దీన్ని అడ్డంగా కోస్తే ఎరుపు, తెలుపు, మళ్ళీ ఎరుపు, మళ్ళీ తెలుపు, చుట్లు చుట్లుగా ఉంటుంది. మా ఇంట్లో దాని పేరు చుట్ల దుంప. ఏటా మొదటి దుంప కోసిన రోజున అత్తయ్య ఒక పలచటి ముక్క తీసి కిటికీ వెలుతురుకి పట్టి చూసుకునేది. చుట్లు లెక్కపెట్టి, "ఆఁ, మా అమ్మదే" అని నోట్లో వేసుకునేది.

నేను కాపురానికొచ్చిన కొత్తలో, చలి తగ్గగానే, అత్తయ్య మా ఇద్దరికీ చెరో గుప్పెడు గింజలిచ్చి చెరో మడి చూపించింది. బీట్‌రూట్ గింజ చూడ్డానికి ఒకటే అయినా నిజానికి ఒకటి కాదు. మిరియమంత గరుకు ఉండ అది. నానేసి పాతితే ఒక్కో ఉండలోంచి మూడో నాలుగో మొలకలు గుత్తుగా లేస్తాయి. ఒక్కటి ఉంచి తక్కినవి తీసెయ్యాలి. లేదంటే ఒకదాన్నొకటి ఊరనివ్వవు. అక్క ఆదివారం పూట పీట వేసుకు కూర్చుని, ఉత్తరాలు వేరుచేసినట్టే, ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చేసింది. నాకు మనసొప్పలేదు. చిటికెడు గుడ్డముక్కని కూడా పారెయ్యకుండా సంచిలో దాచుకునేదాన్ని, పచ్చగా లేచిన మొలకని ఎలా పీకను? అన్నీ ఉంచేశాను.

నా మడిలో ఆకు ఎంత గుబురుగా వచ్చిందంటే వీధిలోవాళ్ళు ఆగి చూశారు. తవ్వితే కింద చిటికెనవేళ్ళు! అక్క మడిలో ఒక్కోటీ పిడికిలంత దుంప. అత్తయ్య నా చిటికెనవేళ్ళను చేటలో పోసుకుని, అందరి ముందూ, నవ్వుతూనే అంది.

"చిన్నదానికి చెయ్యి రాదు."

ఆ మూడు ముక్కలూ నాలో ముల్లులా దిగాయి. ఆ తర్వాత నాకు మడి ఇవ్వలేదు. నేనూ అడగలేదు. అడిగితే నా పరువేం కావాలి? కానీ ప్రతి ఏడూ గోడ మీంచి ఆవిడ మడి చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఉన్నమాట చెబుతున్నాను. ఆవిడ దుంపలు తవ్వే రోజున నాకు అన్నం సయించేది కాదు.

"అక్కంటే ఎందుకే నీకంత కుళ్ళు?" అనేవాడు మా ఆయన.

"నాకెందుకు కుళ్ళు? ఆవిడ దుంపలు ఆవిడ తింటుంది" అని, ఆయన చొక్కాకి కుడుతున్న కాజా వంకర కుట్టేదాన్ని.

అత్తయ్యకి మోకాళ్ళు పట్టేశాక, ఒకరోజు మమ్మల్నిద్దర్నీ పిలిచింది. రేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. సిగ్గు లేకుండా ఆశపడ్డాను. సగం సగం పంచుతుందేమో అనుకున్నాను. ఆవిడ డబ్బా ఎత్తి అక్క చేతిలో పెట్టింది.

"పెద్దమ్మాయ్, ఇంక నీదే. కొత్త గింజ రాగానే పాతది పారెయ్. రెండూ కలిపి దాచకు. వేరే జాతి దుంప పక్కన పూతకి రాకుండా చూసుకో."

తల కొట్టేసినట్టయింది నాకు. అక్క స్టవ్ మీద పాలు చూడ్డానికి వెళ్ళింది, అత్తయ్య కళ్ళు మూసుకుంది. డబ్బా బల్ల మీద ఉంది. మూత తీసి ఒక గుప్పెడు తీసుకుని కొంగున కట్టుకుని వచ్చేశాను. వేసుకుందామని కాదు. ఆవిడ దగ్గర ఒక గుప్పెడు తక్కువ ఉండాలి, అంతే. ఆ గింజల్ని నా బొత్తాల డబ్బాలో అడుగున పడేశాను.

అంతటితో ఊరుకున్నానా? కొట్టుకెళ్ళి మామూలు ఎర్ర బీట్‌రూట్ గింజలు తెచ్చి, గోడ పక్కనే మడి కట్టాను. గింజ కట్టడం ఆవిడొక్కదానికే వచ్చా? ఆవిడ చేసినవన్నీ చూస్తూ చేశాను. బీట్‌రూట్ మొదటి ఏడు దుంపే ఇస్తుంది. మంచి దుంపలేరి, ఆకు తుంచి, చలికాలమంతా బకెట్టు ఇసుకలో పాతిపెట్టి, చలి పోయాక మళ్ళీ మట్టిలో దించితే, రెండో ఏడు కాడ లేచి పూసి గింజ కడుతుంది. అక్క అరడజను దుంపలు దించింది. నేను డజను దించాను.

ఎండలు ముదిరేసరికి గోడకి అటూ ఇటూ కాడలు భుజాలెత్తు లేచాయి. ఒక సాయంత్రం అక్క గోడ దగ్గరికి వచ్చింది.

"చెల్లీ, నీ కాడలు తుంచెయ్యవూ? రెండు పూతలూ కలిసిపోతాయే."

నేను అత్తయ్య మాట మరిచిపోలేదు. కానీ నా చెవికి ఆ మాట వేరేగా పడింది. ఆహా, ఇన్నాళ్ళకి ఈవిడకీ కడుపుమంట పుట్టిందన్నమాట! నా కాడలు తనవాటికన్నా ఎత్తుగా ఉన్నాయని ఓర్చుకోలేకపోతోంది. అయినా మధ్యలో గోడ ఉంది, తేనెటీగలు కూడా పెద్దగా రావు. ఏం కలుస్తాయి?

"నావి నావే, నీవి నీవే అక్కా. గోడుందిగా" అన్నాను.

ఆవిడ ఇంకోసారి అడగలేదు. అదే ఆవిడతో వచ్చిన చిక్కు. నాలా గొడవపడి ఉంటే నేనూ విని ఉండేదాన్నేమో. మర్నాటి నుంచి నా మొక్కలకి రెండు పూటలా నీళ్ళు పోశాను.

బీట్‌రూట్ పుప్పొడికి తేనెటీగతో పనిలేదట, గాలి చాలట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అక్క కొత్త గింజ దులిపి ఎండబెట్టి, అత్తయ్య చెప్పినట్టే పాతదంతా పారేసి, డబ్బా నింపుకుంది. మరుసటి ఏడు విత్తింది. చలి మొదలయ్యాక మొదటి దుంప తవ్వి, కడిగి, అత్తయ్య ముందు పెట్టి కోసింది. నేను అక్కడే ఉన్నాను, ఏదో వంకతో ఆ రోజు నేనెప్పుడూ అక్కడే ఉంటాను. లోపలంతా ఎరుపు. ఇంకోటి కోసింది, ఎరుపు. ఆరోదానిలో ఒక వెలిసిపోయిన గీత ఉందా లేదా అన్నట్టుంది.

అత్తయ్య ముక్కని కిటికీకి పట్టింది. తిప్పి మళ్ళీ పట్టింది.

"ఏం చేశావే?" అంది. "మా అమ్మ చేతి గింజ. నా చేతుల్లో యాభై ఏళ్ళు చెక్కుచెదరలేదు. నీ చేతిలో పెట్టిన మూడేళ్ళకి మట్టిపాలు చేశావా?"

ముప్ఫై ఏళ్ళలో అక్కని ఎవరైనా ఒక మాట అనగా వినడం అదే మొదలు. నిజం చెప్పొద్దూ, మొదటి క్షణం ఎంత హాయిగా ఉందో! చల్లటి నీళ్ళు తాగినట్టుంది. ఆ తర్వాత అక్క నా వంక చూస్తుందని ఎదురుచూశాను. "ఇదిగో, దీనివల్లే" అని వేలు పెట్టి చూపిస్తుందని పళ్ళు బిగించుకుని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ చూడలేదు. "నా పొరపాటే అత్తయ్యా" అని ముక్కలన్నీ గిన్నెలోకి తీసింది.

అత్తయ్య ఆ చలికాలం సగమైపోయింది. కిటికీ దగ్గర కూర్చుని, "పోయేలోపు ఒక్కసారి ఆ చుట్లు చూస్తే బాగుండు" అనేది. అక్క పాపం మిగిలిన గింజే మళ్ళీ విత్తింది, ఎక్కడైనా పాత రక్తం ఒక్కటి తేలకపోతుందా అని. నా దగ్గర బొత్తాల డబ్బా ఉంది.

ఇచ్చెయ్యొచ్చు. ఇస్తే ఆవిడ పండిస్తుంది, అత్తయ్య మళ్ళీ ఆవిణ్ణి నెత్తిన పెట్టుకుంటుంది, నేను దొంగనవుతాను. అదేం న్యాయం? అందుకని నేనే వేశాను, మిద్దె మీద, పాత తొట్టెల్లో, ఎవరికీ కనపడకుండా. మూడు నాలుగేళ్ళ గింజ, మొలుస్తుందన్న నమ్మకం లేదు. గుప్పెడులో ఏడంటే ఏడు గుత్తులు లేచాయి. ఏడు గుత్తుల్లో ఇరవై రెండు మొలకలు. ఒక్కటీ పోగొట్టుకోలేని పరిస్థితిలో పదిహేను తీసెయ్యాలి. బట్టలు కత్తిరించే కత్తెర పట్టుకుని అక్కడే చతికిలబడి, ఏడుస్తూ, మొదళ్ళ దగ్గర ఒక్కోటీ కత్తిరించాను.

ఏడు దుంపలూ ఊరాయి. మూడు కోతకి, నాలుగు ఇసుకకి. మూడూ కొంగు కింద పెట్టుకుని అక్క వంటింట్లోకి వెళ్ళాను. అక్క గిన్నెలు కడుగుతోంది. నేనే కత్తిపీట లాక్కుని కోశాను. ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు. ఒక ముక్క కిటికీ దగ్గరున్న అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని వెలుతురుకి పట్టింది. పెదాలు కదిలాయి, చుట్లు లెక్కపెడుతోంది. తొమ్మిది.

"పెద్దమ్మాయ్!" అని కేకేసింది. "మళ్ళీ తెచ్చావటే! నాకు తెలుసు, నీ చెయ్యి ఊరికే పోదని!"

ఒళ్ళంతా మండింది నాకు. ఎదురుగా నేను నిలబడి ఉన్నాను, కత్తిపీట నా ముందుంది!

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. "నేను కాదత్తయ్యా, చెల్లి" అంది.

"దానికి గింజలెక్కడివి?"

అక్క నా ముఖంలోకి చూసింది. అంతా అర్థమైపోయింది ఆవిడకి. అయినా గుక్క తిప్పుకోకుండా, "నేనే ఇచ్చానత్తయ్యా, అప్పట్లో ఒక గుప్పెడు" అంది.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరైనా ఊరుకుంటారు. కానీ ఈ మంచితనం కూడా ఆవిడకే దక్కాలా? నావల్ల కాలేదు.

"ఇవ్వలేదు!" అని అరిచాను. "నేనే దొంగతనం చేశాను. పూత కలిపిందీ నేనే. ఆవిడ వద్దంది, నేనే వినలేదు."

అత్తయ్య ముక్కని తిప్పి ఇంకోసారి చూసింది. తర్వాత అడిగింది, "మొలకలు ఎవరు తీశారు?"

"నేనే."

"నువ్వేనా?"

"కత్తెరతో."

ఆవిడ ముక్కని నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. "పెద్దమ్మాయ్, ఆ డబ్బా దీనికిచ్చెయ్" అంది.

అక్క లోపలికెళ్ళి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇస్తూ ఒక్క క్షణం వదల్లేదు, నేను లాగాల్సొచ్చింది. అప్పుడు ఆవిడ ముఖంలో కనపడింది. రోజూ నా అద్దంలో చూసే ముఖం, నేను గుర్తుపట్టకుండా ఉంటానా? ముప్ఫై ఏళ్ళు ఎదురుచూశాను దానికోసం. చూశాక ఏం చెయ్యాలో తోచలేదు. డబ్బా తీసుకుని ఇంటికొచ్చేశాను.

చలి పోయాక నా నాలుగు దుంపలూ గోడ పక్కన దించాను. కాడలు లేచి మొగ్గ పడుతున్నాయి. అటు అక్క మడిలో కూడా ఐదు కాడలున్నాయి. ఒక పక్క చిన్న ముక్క కోసి చూసి, కొంచెం చుట్టు కనపడ్డ దుంపల్ని వెతికి వెతికి ఏరుకుని, మొన్న మళ్ళీ దించుకున్నవి. వాటిని తుంచెయ్యమని ఆవిణ్ణి ఎలా అడగాలా అని వారం రోజులుగా మాటలు కూడబెట్టుకుంటున్నాను.

నిన్న సాయంత్రం మిషను దగ్గర్నుంచి లేచి చూస్తే, అక్క మడిలో వంగి ఆ కాడల్ని పీకేస్తోంది. నాలుగు అప్పటికే కింద పడి ఉన్నాయి. పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. గోడ దగ్గరికి పరుగెత్తాను.

"అక్కా, ఒక్కటైనా ఉంచుకో!"

"ఒక్కటున్నా గాలి ఊరుకోదే" అని, ఐదోదాన్ని కూడా వేళ్ళతో సహా లాగేసింది.

ఆవిడ అడిగినప్పుడు నేను చెయ్యని పని. ఆవిణ్ణి నేనింకా అడగనైనా అడగలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాను. డబ్బా నాది, మొగ్గలు నావి, అయినా నా కడుపు అలా మండుతూనే ఉంది.