తోకలు తుడిచిన సార్

మొన్న ఆదివారం పొద్దున మా ఓనరు సార్ పోయారు. కాఫీ తాగి, పేపరు మడిచి, కిటికీ పక్క కుర్చీలోనే. కబురు వినగానే, నన్ను ఆటపట్టించడానికి వేసిన కొత్త వేషం అనుకుంటూ మేడ మెట్లెక్కాను. ఈసారి నిజమే.

తార్నాకలో ఆ ఇంట్లో పైన సార్, కింద నేను. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చి, క్యాంపస్‌లో కంప్యూటర్లు చెప్పేవారు. నేను ఇంటర్ తప్పి బోర్డులు రాసుకునేవాణ్ని. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వేడిగా ఉన్న రోజులవి. నా మొదటి నినాదం, "మన రాష్ట్రం మనకే" అని, ఆయన కాంపౌండు గోడ మీదే రాశాను. అదీ సరిగ్గా ఆయన కిటికీ ఎదురుగా! ఆయన లుంగీ బిగించుకుంటూ వచ్చి, తీరిగ్గా చదివారు.

"ఏవయ్యా పెయింటరూ, గేటు మీద ఖాళీ కనపళ్లేదా?"

"అది రేపటికి ఉంచిన సార్."

"అయితే టీ తాగి రాయి. అక్షరాలు వంకరపోతున్నాయి నీకు."

ఆ రోజుల్లో ఆయనకు ఒకటే ధ్యాస. లైబ్రరీ గుమ్మం దగ్గర పెట్టే కంప్యూటర్ తెర మీద పుస్తకాల పేర్లు తెలుగులో కనపడాలి. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు చూసి జంకి, అడక్కుండానే వెనక్కి పోతున్నారని ఆయన బాధ. తెరంతా తయారైంది కానీ ఒక జబ్బు పట్టుకుంది. బొత్తాం నొక్కితే పాత పేరు పోయి కొత్త పేరు వస్తుంది, పాత పేరు కింది ఒత్తులు మాత్రం అక్కడే ఉండిపోతాయి. సోమవారానికి బాగు కాకపోతే తెలుగు తీసేసి ఇంగ్లీషే పెడతామని పైవాళ్లు చెప్పేశారు.

శనివారం నన్ను ల్యాబుకు తీసుకెళ్లి చూపించారు. నాలుగు పుస్తకాలు నొక్కేసరికి అడుగునంతా నల్లనల్లగా తోకలు.

"సార్, మీ తెరకు పేలు పట్టినయ్," అన్నాను.

ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. తెర మీద కిటికీలూ బొత్తాలూ గీసిపెట్టే సామానును టూల్‌కిట్ అంటారట. తప్పు అందులో ఉందో తాను రాసిన ప్రోగ్రాములో ఉందో అంతుపట్టడం లేదన్నారు.

నా స్కూటరు మీద ఇంటికి తిరిగొచ్చాం. గేటు ముందు బండి ఆగకముందే ఆయన గోడ చూసి దూకేశారు. ఆ పొద్దున నేను పాత నినాదం మీద సున్నం కొట్టి కొత్తది రాశాను. బద్ధకం కొద్దీ అక్షరాల ఎత్తు వరకే కుంచె లాగాను. "రాష్ట్రం" పోయింది కానీ దాని ఒత్తులు కింద వేలాడుతున్నాయి.

"ఒరేయ్, నువ్వూ ఆ టూల్‌కిట్టూ ఒకే బడిలో చదివార్రా!" అని గంతేశారు.

"నేను ఫెయిలైన బడా సార్?"

"అదే! దానికి ఇంగ్లీషు అక్షరం ఎత్తే తెలుసు, అంతవరకే తుడుస్తోంది. మన ఒత్తులు కిందికి దిగుతాయని దానికి తెలీదు. నీకు తెలుసు, ఒళ్లొంగదు. పద వెనక్కి!"

క్యాంపస్ గేటు దగ్గర ధర్నా. పిల్లలు స్కూటరుకు అడ్డం పడ్డారు.

"ఏంది సార్, గిప్పుడు క్లాసా? యాడికి?"

"తోకలు తుడవడానికి," అన్నారు సార్, గంభీరంగా. వాళ్లకేమీ అర్థం కాలేదు. నవ్వుకుంటూ దారిచ్చారు.

అక్షరం కిందికి ఎంత దిగిందో ముందు కొలిచి, అంతమేరా తుడిచేలా ఆయన ప్రోగ్రాములో నాలుగు వరుసలు మార్చారు. బొత్తాం నొక్కారు. తెర కడిగిన పలకలా ఉంది. మళ్లీ నొక్కారు, మళ్లీ మళ్లీ, నన్ను ముట్టుకోనివ్వకుండా.

సోమవారం తెలుగే నిలబడింది. "అక్కా, గీ పుస్తకం గీడ ఉన్నదే!" అని ఒక పిల్ల లైబ్రరీ అదిరేలా అరిస్తే, అందరూ ఆమెను ఉష్షంటుంటే సార్ ఒక్కరే చప్పట్లు కొట్టారు.

తప్పు దొరికిన రోజు పండగ చేసుకోవాలనేవారు ఆయన. ఫ్లెక్సీలొచ్చి నా కుంచె మూలపడినప్పుడు నన్ను మౌసు ముందు కూర్చోబెట్టిందీ ఆయనే. ఆ గోడను మాత్రం మళ్లీ తుడవనివ్వలేదు. "ఉండనీ, నా గురువు," అనేవారు.

నిన్న సార్ భార్య, కర్మకు చుట్టాలొస్తారని, గోడకు సున్నం వేయమన్నారు. వేశాను. సాయంత్రం ఆవిడ వచ్చి చూసి, "కింద వదిలేశావేం బాబూ?" అన్నారు.

"బద్ధకం అమ్మా."

ఆవిడ ఫక్కున నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. తెల్లటి గోడ అడుగున, ఆ కిటికీకి ఎదురుగా, రెండు నల్లటి తోకలు ఎండలో మెరుస్తున్నాయి.