లాండ్రీ బావ ముస్తాబు

లాండ్రీ బావకి తయారవడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఆయన గడప దాటాలంటే ముందు ముస్తాబవ్వాలి. ఆ ముస్తాబు పూర్తయ్యేసరికి అవతల వెళ్ళాల్సిన పని కాస్తా అయిపోయి, వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేస్తుంటారు. పోనీ నెత్తిన ఒత్తయిన జుట్టుందా అంటే, అదీ లేదు. చెవుల పక్కన మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ బుజ్జగించి, బతిమాలి, దువ్వెనతో దేని చోట దాన్ని పడుకోబెట్టేవాడు.

ఆయనది బట్టలుతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం. మూసే వేళకి అన్నీ సర్దేశాక కూడా, మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెడుతూ కూర్చునేవాడు. ఇంతలో ఎవరో ఒకరు ఆయాసపడుతూ వచ్చి, "హమ్మయ్య, ఇంకా ఉన్నారా!" అంటూ తమ బట్టలు పట్టుకుపోయేవాళ్ళు. అప్పుడు గానీ షట్టరు దిగేది కాదు.

ఆయన బామ్మర్ది డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఆలస్యమంటే ఆయనకి ఒళ్ళు మంట. అక్కగారింటి ముందు కారాపి హారన్ మీద చెయ్యి వేశాడంటే, బావ బయటికొచ్చేదాకా తీసేవాడు కాదు.

"ఈ మనిషితో ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చావే అక్కా?"

"మొదట్లో ఏడుపొచ్చేదిరా. ఇప్పుడాయన తయారయ్యేలోపు ఓ స్వెట్టరు అల్లేస్తున్నా. నువ్వేసుకున్నదీ అలా వచ్చిందే," అనేది అక్క.

ఇలాంటి మనిషి ట్రయాథ్లాన్‌లో ఎలా పడ్డాడంటే, ఒళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పాడు. చెరువులో ఈత, ఆ వెంటనే సైకిలు, అది దిగీ దిగగానే పరుగు. మూడింట్లోనూ బావకి వంక పెట్టడానికి లేదు. నీళ్ళలో దిగితే చేపే. బట్టల మూటలు వేసుకుని ఊరంతా తొక్కినవాడికి సైకిలొక లెక్క కాదు. వచ్చిన చిక్కల్లా ఈతకీ సైకిలుకీ మధ్యన. మిగతావాళ్ళు నీళ్ళలోంచి వస్తూనే రబ్బరు టోపీ పీకి అవతల పారేసి, తడి కాళ్ళు బూట్లలో దూర్చి ఉడాయిస్తారు. మన బావ స్టూలు వేసుకుని కూర్చుంటాడు. కాలివేళ్ళ సందులు ఒక్కొక్కటీ తుడుస్తాడు, పౌడరు అద్దుతాడు, ఇస్త్రీ సాక్సులు తొడుగుతాడు, తువ్వాలు మడతపెడతాడు. ఆ తర్వాత దువ్వెన తీస్తాడు.

కిందటి సీజన్ చివరి పోటీలో ఆయన వచ్చేసరికి గెలుపు గీత మీది బ్యానరు విప్పేసి చుట్టేస్తున్నారు. బావ నొచ్చుకోలేదు సరికదా, "అలా చుడితే ముడతలు పడతాయండీ," అని చుట్టిందంతా విప్పించి దగ్గరుండి మడతపెట్టించాడు. పోటీ నడిపించే పెద్దమనిషికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎప్పుడూ మెళ్ళో విజిల్‌తో ఉంటాడని ఆయన్ని అందరూ విజిల్ మాస్టారంటారు. "వచ్చే సీజన్ మొదటి పోటీకి గడువులోగా గీత దాటారా సరే. లేదంటే ఇకపై మీ పేరు రాసుకోం," అని తేల్చి చెప్పేశాడాయన.

ఆ మాటకి బావ ముఖం చిన్నబోయింది. పోటీలంటే ఆయనకి ప్రాణం. అది చూసిన బామ్మర్ది ఈసారి బావని గడువులో దాటించి తీరాల్సిందేనని పంతం పట్టాడు. బావ బూట్లకి తాడు బదులు లాగితే బిగుసుకునే లేసు పెట్టించాడు. పోటీరోజు పొద్దున్నే స్టూలూ పౌడరు డబ్బా లాక్కుని, దువ్వెన తన జేబులో వేసుకున్నాడు.

"దువ్వెన కూడానా?" అన్నాడు బావ జాలిగా.

"ముందు అదే! గీత దాటండి, బంగారు దువ్వెన కొనిస్తా."

విజిల్ మోగింది. చలికి నీళ్ళు జివ్వుమంటున్నా బావ ముందువాళ్ళలోనే ఒడ్డుకొచ్చాడు. కంచె బయటున్న బామ్మర్ది మాస్టారి గుండె ఉప్పొంగింది. బావ సైకిలు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ ఆగి, నింపాదిగా తువ్వాలు తీసి కాలి బొటనవేలు తుడవడం మొదలెట్టాడు.

"బావా! పదండి! పదండి బావా!"

మాస్టారు కుడికాలితో నేలని తొక్కేస్తున్నాడు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాడి కాలికిందా ఓ బ్రేకుంటుంది గానీ యాక్సిలరేటరుండదు. ఆ లోటు ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయనకి తెలిసిరాలేదు, ఆ పూట తెలిసింది.

సైకిళ్ళన్నీ ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. బావ తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. తిట్టడానికి నోరు తెరిచిన మాస్టారికి అప్పుడో సంగతి కనబడింది. బావ చూపు తువ్వాలు మీద లేదు, చెరువు మీదుంది.

చెరువులో ఇంకా ఒక టోపీ మిగిలి ఉంది. కళ్ళజోళ్ళ షాపావిడది. ఊరందరికీ చూపు సరిచేసే ఆవిడ, తన కళ్ళజోడు సైకిలుకి తగిలించి నీళ్ళలో దిగింది. దాంతో దారి చూపే ఎర్ర బుడగ కనబడక చెరువంతా చుట్టబెట్టింది. మొదటిసారి పోటీకొచ్చిందేమో, సిగ్గుతో చితికిపోతూ ఒడ్డెక్కి, తడుముకుంటూ వచ్చి కళ్ళజోడు పెట్టుకుంది.

"హమ్మయ్య, ఇంకా ఉన్నారా! అందరూ వెళ్ళిపోయారేమో, ఇక ఇంటికి పోదామనుకున్నా."

"ఎక్కడికమ్మా వెళ్ళిపోయేది? నేనింకా సాక్సులే తొడుక్కోలేదు. కానివ్వండి, మీరే నాకన్నా నయం."

ఆవిడ నవ్వేసి సైకిలెక్కింది. అటు తిరిగిందో లేదో, తువ్వాలు గాల్లోకి ఎగిరింది, బూట్లు కాళ్ళకెక్కాయి, బావ సైకిలు మీదున్నాడు. మాస్టారు రెప్ప వేసి తెరిచేలోపు జరిగిపోయిందిదంతా. సాక్సులు స్టాండు మీదే వేలాడుతున్నాయి.

మాస్టారు నోరెళ్ళబెట్టాడు. ఏ పోటీలోనైనా సరే, కడపటివాళ్ళు నీళ్ళలోంచి రాకుండా బావ ముస్తాబు పూర్తయిందా? చివరివాళ్ళు రాకుండా దుకాణం షట్టరు దిగిందా? ఇన్నాళ్ళూ హారన్ కొట్టిన చేతిని చూసుకుంటే ఆయనకే సిగ్గేసింది.

అందరూ వచ్చేశాక, గడువు దగ్గరపడ్డాక, పరుగుదారి మలుపులో ఆవిడ కనబడింది. నాలుగడుగుల వెనక బావ. గీత ఇంకాస్త దూరం ఉందనగా ఆవిడ పిక్క పట్టేసి ఆగిపోయింది. బావ కూడా ఆగాడు. ఊరికే నిలబడితే తనకోసమే ఆగాడని ఆవిడకి తెలిసిపోదూ? అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు. జేబు ఖాళీ. పాపం, ఆయన ముఖం చూడాలి!

మాస్టారు కంచె మీదుగా చెయ్యి చాచాడు. "బావా, జుట్టు చెదిరింది. దువ్వుకోండి."

"ఏయ్! బయటివాళ్ళు ఏమీ అందించకూడదు!" విజిల్ మాస్టారు పరిగెత్తుకొచ్చాడు.

"దువ్వెనండీ. దువ్వుకుంటే స్పీడు పెరుగుతుందా?"

విజిల్ మాస్టారు బావ బట్టతలని ఎగాదిగా చూశాడు. నోటిదాకా వచ్చిన విజిల్ కిందికి దింపాడు.

బావ నిమ్మకు నీరెత్తినట్టు దువ్వుకుంటున్నాడు. కళ్ళజోళ్ళావిడ అది చూసి పిక్క సంగతి మరిచిపోయింది.

"అయ్యో, ఇప్పుడా ముస్తాబు! టైమైపోతోంది, రండి మహానుభావా!" అంటూ కుంటుకుంటూ వచ్చి, ఆయన రెక్క పుచ్చుకుని ఈడ్చుకుపోయింది. గీత ముందు ఆవిడే దాటింది, ఆవిడ వెనకాల బావ. ఆ మరుక్షణం గడువు విజిల్ మోగింది.

"నేను లాక్కురాకపోతే ఆయన అక్కడే కాపురం పెట్టేసేవారండీ," అంది ఆవిడ విజిల్ మాస్టారితో గర్వంగా.

"నిజమేనమ్మా, మీ పుణ్యమే," అన్నాడు బావ. "వచ్చే పోటీక్కూడా వస్తారుగా?"

"రాకపోతే మిమ్మల్నెవరు లాక్కొస్తారు?"

విజిల్ మాస్టారు ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు.

బామ్మర్ది మాస్టారు కారు తెచ్చి ఆపాడు. వెనకసీట్లో అక్క ఊలూ సూదులూ బయటికి తీసింది. బావ చెట్టుకింద నిలబడి తువ్వాలు మడతలు సరిచేసుకుంటున్నాడు.

"హారన్ కొట్టరా, లేకపోతే పొద్దుగూకినా కదలడు."

"పోనీలేవే అక్కా, తీరిగ్గా రానీ," అని మాస్టారు ఇంజనాపేసి సీటు వెనక్కి వాల్చుకున్నాడు. "ఈసారి నాకు నీలం రంగుది అల్లు."