కాలరు మిషను ఆగిన పూట

చొక్కాల ఫ్యాక్టరీలో మొదటి లైనుకు సూపర్‌వైజరైన ఆ పెద్దావిడకు కోపం రాగా ఇరవై ఏళ్లలో ఎవరూ చూడలేదు. పొద్దున్నే దేవుణ్ణి తలుచుకుని లైను మొదలుపెట్టేది. ఎవరి సూది విరిగినా తన డబ్బాలోంచి తీసి ఇచ్చేది. చూపు మందగించాక ఆమె సూదికి దారం ఎక్కించేది కాలర్లు కుట్టే ఆవిడ, అడక్కుండానే.

కాలర్ల ఆవిడ పరాయి దేశం నుంచి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఆ రోజు సాయంత్రంలోగా ఇక్కడ ఉండే అనుమతి పొడిగించమనే కాగితం సర్కారు ఆఫీసుకు చేరకపోతే ఆమె దేశం విడిచి వెళ్లిపోవాల్సిందే. ఆ కాగితం నాలుగు రోజులుగా ఫ్యాక్టరీ గుమాస్తా బల్ల మీదే పడి ఉంది. గుమాస్తా ఎవరో కాదు, పెద్దావిడకు సొంత మరిది.

“ఏమయ్యా, కాగితం నిద్రపోతోందా?”

“పోనీ వదినా. బయటివాళ్లు వెళ్తే మనవాళ్లకు పని దొరుకుతుంది. వాళ్లు లేకపోతే దేశం ఎదగదా ఏమిటి?”

“ఆవిడ ఇద్దరికి కాలరు పని నేర్పితేనే రెండో లైను లేచింది. అందులో ఇరవైమందీ మనవాళ్లే.”

“నేర్పేసిందిగా. ఇంకెందుకు ఆవిడ?”

ఆ మాటకు పెద్దావిడ ఒళ్లు మండిపోయింది. చేతిలో పని ఆపడమే పాపమనుకునే మనిషి, నేరుగా వచ్చి కాలరు మిషను ఆపేసింది.

“నువ్వెళ్లి టీ తాగమ్మా. నేను పిలిచేదాకా రాకు.”

కుట్టి ఉన్న కాలర్లు గంటసేపు వచ్చాయి. తర్వాత కాలరు అతికేవాళ్లు ఆగారు. ఆపైన చొక్కా చేతులు కుట్టేవాళ్లు, కాజాలు తీసేవాళ్లు. చివర గుండీల మిషను దగ్గర మరిది భార్య లేచి గుమాస్తా బల్ల వైపు కేకేసింది.

“ఏవండీ, నాకు పని లేదు. ఇంటికి పోనా, మీ బల్లెక్కి కూర్చోనా?”

గుమాస్తా పరుగున వచ్చాడు. “యజమాని చూస్తే నా పని అయిపోతుంది వదినా.”

“మిషను ఆగితేగానీ నీకు మనిషి కనబడలేదా? నీ పెళ్లాం పురిటికి వెళ్తే ఆ కుర్చీ పోకుండా మూడు నెలలు గుండీలు కుట్టిందెవరు? తన పని చేసుకుంటూనే?”

అతను భార్య వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. కాగితం పట్టుకుని తానే సర్కారు ఆఫీసుకు బయలుదేరాడు.

సాయంత్రం తిరిగొచ్చాడు. “ఇంకో ఏడాదికి ఇచ్చారు. కోపం తగ్గిందా వదినా?”

పెద్దావిడ ఎంత గుచ్చినా దారం సూదిలోకి పోవడం లేదు. కాలర్ల ఆవిడ వచ్చి సూది అందుకుంది.

“తగ్గలేదు. వచ్చే ఏడు మళ్లీ మిషను ఆపమంటావా?”