చల్లబడని బానెట్

2003. చెరకు సీజను మధ్యలో ఉంది. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద నా మెకానిక్ షెడ్డు. ఒకరోజు ఆ రోడ్డు మీదికి నీలం రంగు జపాన్ కారు ఒకటి వచ్చింది. అది కనబడకముందే చప్పుడును బట్టి నేను జాతకం చెప్పేశాను: టర్బో ఉంది, నాలుగు చక్రాలకూ గుంజుడు ఉంది, ఈ జిల్లాలో ఇలాంటిది ఇంకోటి లేదు అని.

అబద్ధం. చప్పుడు విని ట్రాక్టరేమో అనుకున్నాను. కారు వచ్చి షెడ్డు ముందు ఆగాక, వెనక రాసి ఉన్నది చదివి టర్బో అని తెలుసుకున్నాను. చిన్నప్పటి నుంచీ నాకు ఈ అలవాటుంది. ఏదైనా రెండింతలు చేసి చెప్తాను, తర్వాత కడుపులో ఆగక అసలుది కక్కేస్తాను. ఈ కేసు మాత్రం పెంచకపోయినా గొప్పదే.

టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ ఊపుకు తిరిగే చిన్న ఫ్యాను లాంటిది. అది బయటి గాలిని ఒత్తి ఇంజన్ లోపలికి పంపుతుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరుగుతుంది, బలం వస్తుంది. ఇక ఆల్ వీల్ డ్రైవ్. మామూలు కారులో రెండు చక్రాలు గుంజితే మిగతా రెండూ వెంట దొర్లుతాయి. ఇందులో నాలుగూ గుంజుతాయి. ఈ రెండూ ఉన్న బండి కాస్త ఎక్కువ తాగుతుంది. ఎంత ఎక్కువ అన్నదే మా పంచాయితీ.

కారు లింబాద్రిది. ఎడపల్లి మనిషి. లారీ క్లీనర్‌గా మొదలుపెట్టి, సొంత లారీలు కొని, బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలేవాడు. చెరకు లోడుతో పోయే లారీ నెమ్మదిగా పోతుంది, వెనకొచ్చిన ప్రతివాడికీ సైడ్ ఇవ్వాల్సిందే. అతను బతుకంతా సైడ్ ఇచ్చాడు. ఒక్కసారైనా జనం తనకు సైడ్ ఇవ్వాలని ఆశపడి, హైదరాబాదులో ఒక పెద్దమనిషి వాడి వదిలేసిన ఈ కారు తెచ్చుకున్నాడు.

“అన్నా, లీటరుకు ఆరు కిలోమీటర్లు గూడ ఇస్తలేదు. హైదరాబాదుల సూపెడితె ఇంజన్ దించాలె అన్నరు. దించుదమా?”

ముందు సీట్లో అతని భార్య గంగామణి కూర్చుని ఉంది. ఒళ్ళో తమలపాకుల సంచి. ఆమె దిగకుండానే తీర్పు చెప్పింది.

“దించుడు గిట్ట ఏం వద్దన్న. మా పాత జీపు తొమ్మిది ఇస్తుండె. గంత గూడ ఇయ్యకపోతె ఇది నాకొద్దు. ఐతారం నాడు నాందేడు నుంచి బేరగాడొస్తుండు. ఇచ్చి పంపిస్త.”

లింబాద్రి కారు తలుపు మీద పడ్డ దుమ్మును భుజం మీది తువ్వాలతో తుడిచాడు. ఆ తుడవడం చూసి నాకు పౌరుషం వచ్చింది. ఆదివారం లోపల దీని సంగతి తేలుస్తానని మాటిచ్చాను. గంగామణి ఇంకేదో చెప్పబోయింది. నేను అప్పటికే బానెట్ కింద తల దూర్చాను.

ప్లగ్గులు తీసి చూశాను, బాగున్నాయి. గాలి ఫిల్టర్ శుభ్రంగా ఉంది. టర్బో పైపుల మీద సబ్బునీళ్ళు పోసి చూశాను, ఎక్కడా బుడగ రాలేదు, అంటే లీకు లేదు. బండి లేపి చక్రాలు తిప్పాను, బ్రేకులు పట్టెయ్యడం లేదు. నాలుగు టైర్లూ ఒకే సైజు. ఇలాంటి బండిలో ఒక్క టైరు పెద్దదైనా మధ్యలో ఉండే గేర్లు ఒకదానితో ఒకటి కొట్లాడుకుని పెట్రోలు తాగుతాయి. అదీ లేదు. హైదరాబాదు వాళ్ళ మాట విని ఇంజన్ దించితే, మళ్ళీ ఎక్కించడానికి చిన్న వాషరు కూడా ఇక్కడ దొరకదు. అందుకే పానా పక్కన పెట్టి ఫుల్ ట్యాంక్ పరీక్ష పెట్టాను. ట్యాంకు మూతి దాకా నింపి, బాల్కొండ పోయి, తిరిగొచ్చి అదే పంపులో మళ్ళీ మూతి దాకా నింపడం. పట్టిన పెట్రోలే ఆ దారికి తాగింది.

ఊళ్ళో పన్నెండు వచ్చిందని చెప్పాను. వచ్చింది పది.

నా చేతిలో పది ఇచ్చే బండి అతని చేతిలో ఆరు ఎందుకు ఇవ్వదు? తొక్కుడు ఎక్కువైందనుకుని మర్నాడు అతని పక్కన కూర్చున్నాను. తీరా చూస్తే నాకంటే మెత్తగా తోలుతున్నాడు. చెరకు ట్రాక్టర్ల వెనక ఓపిగ్గా పోతున్నాడు. ఫ్యాక్టరీ చేరాం. అతని లారీలు కాటా కోసం వరసలో ఉన్నాయి. కారు పక్కకు పెట్టి దిగిపోయాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఇప్పుడే వస్తాడనుకుని నేను ఏసీలో హాయిగా కూర్చున్నాను.

చాయ్ తాగాడు. డ్రైవర్లతో మాట్లాడాడు. కాటా దగ్గర గొడవపడ్డాడు. మధ్యమధ్యలో వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టి, తల అడ్డంగా ఊపి మళ్ళీ పోయేవాడు. ఎండ నెత్తి మీదికొచ్చింది. చివరికి అద్దం దించి అడిగాను.

“ఏం సూస్తున్నవ్ లింబాద్రీ?”

“సల్లవడ్డదా అని అన్న. టర్బో గదా. ఉడుకు మీద బంద్ చేస్తె ఖరాబైతదని లారీ కొన్ననాడే షోరూమోళ్ళు జెప్పిండ్రు.”

వాళ్ళు చెప్పింది నిజమే, లారీలకూ టర్బో ఉంటుంది. లోడు గుంజి వచ్చిన టర్బో నిప్పులా ఉంటుంది. కాసేపు ఇంజన్ ఊరికే నడిస్తే లోపలి ఆయిలు తిరిగి దాన్ని చల్లబరుస్తుంది. మా లారీ డ్రైవర్లు దీనికొక కొలత పెట్టుకున్నారు. బండి ఆపి, బీడీ ముట్టించి, బీడీ అయిపోయాక బంద్ చేస్తారు. లింబాద్రీ అలాగే చేసేవాడు. కానీ కొత్త సీట్లకు వాసన పడుతుందని కారు కొన్ననాడే బీడీ మానేశాడు. బీడీతో పాటు కొలతా పోయింది. దాని బదులు అరచెయ్యి పట్టుకున్నాడు.

“నడిచే ఇంజన్ మీద బియ్యం పెడితె అన్నమైతది. బానెట్ ఎప్పుడు సల్లవడాలె?” అన్నాను.

అతను చెయ్యి తీసి తన అరచేతి వంక చూసుకున్నాడు. “మరి నేను రోజూ సాయంత్రం దాక ఆగుతున్న గదన్నా,” అన్నాడు. పోయిన పెట్రోలంతా ఆ ఆగుడులోనే పోతోంది.

ఐతారం నాడు మళ్ళీ ఫుల్ ట్యాంక్. ఎడపల్లి, ఫ్యాక్టరీ, ఎడపల్లి, అతని రోజువారీ తిరుగుడంతా తిరిగాం. గంగామణి ముందు సీట్లో కూర్చుంది. కారు ఆగిన ప్రతిచోటా ఆకుకు సున్నం రాసి, వక్క వేసి, మడిచి నోట్లో పెట్టుకుని తాళంచెవి తిప్పి ఇంజన్ బంద్ చేసేది. బీడీ పోయిన చోట ఆకు వచ్చింది. అతను బానెట్ వైపు చెయ్యి చాపితే, ముట్టద్దని కళ్ళతోనే చెప్పేది.

పంపు నుంచి షెడ్డుకు వచ్చేసరికి నాందేడు బేరగాడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎంత ఇస్తుందని అడిగాడు. నేను గొంతు సవరించుకుని పదకొండున్నర అన్నాను.

“తొమ్మిదిన్నర,” అంది గంగామణి. “గది సాలు. కారు ఇయ్యం భాయ్, చాయ్ తాగి పో.”

అందరూ నన్ను టర్బో ఉస్తాద్ అనడం ఆ రోజు నుంచే మొదలైంది. నేనూ కాదనలేదు. కానీ ఒక ముక్క మిగిలింది. మొదటి రోజు గంగామణి చెప్పబోయింది ఏమిటని తర్వాత అడిగాను. “బువ్వ తినెతందుకు ఇంటికొచ్చినా గది వాకిట్ల గుర్రుమంటనే ఉంటదన్న, గదే జెప్పవోతి,” అంది. వినుంటే అదే రోజు తేలిపోయేది. అప్పటి నుంచి ఆవరేజ్ రావట్లేదని ఎవరొచ్చినా బానెట్ ఎత్తను. బండి ఎక్కడెక్కడ ఆగుతుంది, ఆగినప్పుడు ఏం చేస్తుంది అని అడుగుతాను. అదీ నడిపేవాణ్ణి కాదు, పక్కన కూర్చునేవాళ్ళని. ఇంజన్ దించకుండా నేను బాగుచేసిన బండ్లు చాలానే ఉన్నాయి.

ఆ ఐతారం సాయంత్రం వాళ్ళు షెడ్డు నుంచి ఇంటికి బయల్దేరారు. ముందు చెరకు లారీ ఒకటి రోడ్డంతా ఆక్రమించి పోతోంది. లింబాద్రి హారన్ కొట్టలేదు. క్లీనర్ వెనక్కి చూశాడు, నీలం కారు చూశాడు, చెయ్యి బయటపెట్టి పొమ్మని ఊపాడు. లారీ పక్కకు జరిగింది.

ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.