తద్దినం రోజున పోసిన పొగాకు నీళ్ళు

కుక్కను ముట్టుకుంటే మైల అనేవాళ్ళు కుక్కను పెంచకూడదు. ఈ మాట అంటే ఇప్పటికీ మా ఇంట్లోవాళ్ళు మొహం చిట్లిస్తారు. చిట్లించనీ. తల నెరిశాక కూడా నోరు మూసుకుని కూర్చోవడం నావల్ల కాదు.

నేను కాపురానికి వచ్చేనాటికి మా అత్తవారింట్లో ఒక నల్లకుక్క ఉండేది. ఆత్రేయపురం అవతల లంకలో మా పొగాకు తోట. ఆకు కోసి ఆరవేసిన రోజుల్లో దానికి కాపలా ఈ కుక్కే. మిగతా రోజుల్లో ఇంటికీ, పశువుల పాకకూ కాపలా. ఇంత చాకిరీ చేయించుకున్నవాళ్ళలో ఒక్కరూ దాని ఒంటి మీద చెయ్యి వేసేవారు కారు. అన్నం కూడా దూరం నుంచే విసిరేవారు. ఎండలు ముదిరేసరికి దాని ఒంటినిండా పిడుదులు. రక్తం తాగి ఉబ్బి, గోడలెక్కి, అరుగుల మీద పాకేవి. తిట్లు మాత్రం కుక్కకే.

మా పుట్టింట్లోనూ మడీ ఆచారం ఉన్నాయి. అయినా మా నాన్నగారు రోజూ స్నానానికి ముందు కుక్కను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, పిడుదు మీద ఆముదం చుక్క వేసి, అది పట్టు వదిలాక వేళ్ళతో లాగి నిప్పుల్లో పడేసేవారు. తరువాత వెళ్ళి తల మీద నీళ్ళు పోసుకునేవారు. మడికీ లోటు లేదు, కుక్కకూ లోటు లేదు. ఆ కాస్త ఓపిక మా అత్తవారింట్లో ఎవరికీ లేకపోయింది.

ఎద్దులకు పిడుదులు పడితే మా పాలేరు పొగాకు కాడలు ఉడకబెట్టి, ఆ నీళ్ళలో గుడ్డ ముంచి రుద్దేవాడు. ఎద్దు ఒళ్ళు నాక్కోకుండా కాసేపు ముకుతాడు బిగబట్టుకుని దగ్గరే నిలబడి, ఆ పైన కాలవలో దింపి శుభ్రంగా కడిగేవాడు. అది విషమని అతనికి తెలుసు. మా మామగారికి తెలిసిందల్లా పాకలో ఒక కుండలో పిడుదుల్ని చంపే నీళ్ళు ఉన్నాయనే.

ఆ రోజు ఆయన తండ్రిగారి తద్దినం. భోక్తలు వచ్చి కూర్చోవలసిన అరుగు మీద పొద్దున్నే నాలుగు పిడుదులు కనిపించాయి. ఆయన కోపం నషాళానికి అంటింది. తద్దినం పెట్టే చోటికి కుక్క రాకూడదని అప్పటికే దాన్ని పాకలో గుంజకు కట్టేశారు. పాలేరు చూస్తే లంకలో ఉన్నాడు. మామగారు ఆ కుండ ఎత్తి, దూరంగా నిలబడి, చిక్కటి పొగాకు నీళ్ళన్నీ కుక్క మీదికి విసిరికొట్టి స్నానానికి వెళ్ళిపోయారు. కట్టేసిన కుక్క ఏం చేస్తుంది? ఒళ్ళు మండి నాక్కోవడం మొదలుపెట్టింది.

నేను మడిచీరతో పొయ్యి దగ్గర ఉన్నాను. పెరటి గుమ్మంలోంచి పాక కనిపిస్తూనే ఉంది. గారెలు రెండో వాయి వేసేసరికి కుక్క నోటి వెంట నురగ వస్తోంది, కాళ్ళు వణుకుతున్నాయి. మామగారి ఎదుట పడి మాట్లాడే అలవాటు ఆ రోజుల్లో కోడళ్ళకు లేదు. అత్తగారితో చెప్పాను.

“అత్తయ్యగారూ, కుక్క ఆ నీళ్ళు నాకేసిందండి. నేను వెళ్ళి కాలవలో కడిగి తీసుకొస్తానండి.”

“నీకేమైనా మతి పోయిందా ఏంటి? మడి వదిలేస్తే ఈ వంటంతా ఎవరు చేస్తారు? భోక్తలు లేచాక చూద్దాంలే.”

“అప్పటిదాకా బతకదండి.”

“అయితే వెళ్ళు. మీ మామగారి తండ్రిని ఆకలితో పంపించావని ఊరంతా చెప్పుకుంటారు.”

ఆ మాటకు జంకాను. గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

భోక్తలు తృప్తిగా తిన్నారు. గారెలు బాగున్నాయన్నారు. తరువాత పిండం పెరట్లో పెడితే కాకి ఎంతకీ రాలేదు. మామగారు మిట్టమధ్యాహ్నపు ఎండలో చేతులు జోడించి, కాకిని పిలుస్తూ నిలబడ్డారు. కాకి కోసం అంతసేపు కాళ్ళు కాల్చుకున్న మనిషి, పది అడుగుల అవతల కొట్టుకుంటున్న ప్రాణి వైపు ఒక్కసారి తల తిప్పలేదు. తిప్పి ఉంటే ఆయన్ను ఇన్నేళ్ళు తిట్టుకునేదాన్ని కాదు.

అందరి భోజనాలూ అయ్యాక నేను పాకలోకి వెళ్ళాను. కుక్క అప్పటికే బిగుసుకుపోయింది. తాడు విప్పి, చెవి ఎత్తి చూశాను. లోపల ఆముదపు గింజలంత పిడుదులు గుత్తులుగా ఉన్నాయి, కాళ్ళు కదుపుతున్నాయి. దూరం నుంచి విసిరిన నీళ్ళు అక్కడిదాకా చేరనేలేదు.

తిరిగి వచ్చేసరికి మామగారు అరుగు మీద విసనకర్రతో విసురుకుంటున్నారు. “ఏమేవ్, ఆ పిడుదులు చచ్చాయేమో చూశావా?” అని అత్తగారిని అడిగారు.

గుమ్మం దాటి ఆయన ఎదురుగా నిలబడ్డాను. “పిడుదులు బతికే ఉన్నాయండి. కుక్క చచ్చిపోయింది,” అన్నాను.

అత్తగారు నోరు నొక్కుకున్నారు. మామగారి చేతిలో విసనకర్ర ఆగింది. తిడతారనుకున్నాను, పుట్టింటికి పొమ్మంటారనుకున్నాను. ఆయన తల దించుకుని ఊరుకున్నారు. నాకు అప్పుడే కడుపు మండిపోయింది. ఇంత తేలికగా ఊరుకునే మనిషని తెలిస్తే, ఆ నోరేదో పొద్దున్నే విప్పేదాన్ని.